మీ గోడ

జూన్ 3, సోమవారం

కూరగాయల మార్కెట్ వెనక గోడలో బొమ్మ ఇటుకలు. పిల్లలు ఒకదానిమీద ఒకటి నొక్కి ఇళ్ళు కడతారే, ఆ ప్లాస్టిక్ ఇటుకలు. ఆ గోడ మూల పెచ్చులూడి ఎన్నాళ్ళో అయింది. అసలు ఇటుకలు కొన్ని రాలిపోయి, కుక్కపిల్ల ముడుచుకుని పడుకునేంత గుంట పడింది. ఇవాళ ఆ గుంట నిండా ఎరుపు, పసుపు, నీలం. అంచు దాకా. గోరు దూర్చేందుకు కూడా సందు లేదు.

పక్కనే ఉల్లిపాయలమ్మే ఆవిడను అడిగాను. తను వచ్చేసరికే ఉన్నాయంది. ఎవరు పెట్టారో చూడలేదంది. చూసినా చెప్పనంది. ఎందుకని అడిగాను. చెప్తే మళ్ళీ పెట్టరు కదా అంది. జవాబులో తప్పు పట్టడానికేమీ దొరకలేదు.

ఫోటో తీసి ఎడిటర్‌కు చూపించాను. ఇదీ వార్తేనా అన్నాడు. రోడ్డుమీద గుంట పడితే వార్తయినప్పుడు, గుంట పూడితే కాదా అన్నాను. లోపలి పేజీలో మూలన వేద్దామన్నాడు.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. కుట్టుమిషన్ ఆపకుండానే వింది. గోడకు మాత్రం ఆడుకోవాలని ఉండదా అంది.

జూన్ 5, బుధవారం

ఇంకో రెండు. బస్‌స్టాండ్ ప్రహరీ ఒకటి, లైబ్రరీ మెట్ల పక్క ఒకటి.

దగ్గర కూర్చుని చూశాను. ఇది ఆర్టిస్టుల పనిలా లేదు. వాళ్ళకు పైకి కనపడేది ముఖ్యం. ఈ మనిషికి లోపల ముఖ్యం. నింపే ముందు గుంటను శుభ్రం చేశారు. వదులుగా ఉన్న సున్నం గీకేశారు, దుమ్ము దులిపారు, అంచులు చెక్కారు. బస్‌స్టాండ్ గోడ కింద చిటికెన వేలంత దూది చుట్ట పడి ఉంది. జేబులో వేసుకున్నాను. ఎందుకు పనికొస్తుందో తెలియదు. తెలియనివే ముందు దాచుకోవాలి.

జూన్ 7, శుక్రవారం

అమ్మ గోడతో మాట్లాడుతోంది.

జూన్ 9, ఆదివారం

మొన్నటి వాక్యం రాసి పుస్తకం మూసేశాను. ఇవాళ మిగతాది రాస్తాను.

శుక్రవారం ఫోన్ మర్చిపోయి వెనక్కి వచ్చాను. అమ్మ పెరట్లో, కుళాయి పక్కన బట్టలుతికే రాయి మీద కూర్చుని ఉంది. ఎదురుగా గోడ. ఎవరిదో గౌను భుజం దగ్గర తప్పు కత్తిరించానని గోడకు చెప్తోంది. గుడ్డ పొదుపు చేద్దామని చూస్తే మనిషే పట్టకుండా పోయిందని చెప్పి, కాసేపాగి నవ్వింది. ఎవరో జవాబు చెప్పినట్టు నవ్వింది. కుళాయి నీళ్ళ చప్పుడు తప్ప నాకేమీ వినపడలేదు. వంటింటి తలుపు చాటున నిలబడ్డాను. మళ్ళీ గోడవైపు వంగి, "చాల్లే గోడా, నీకన్నీ వెటకారాలే" అంది.

అమ్మమ్మ కూడా చివర్లో ఖాళీ కుర్చీతో మాట్లాడేది. మొదట అందరం నవ్వాం. తర్వాత ఎవరం నవ్వలేదు. అమ్మకు ఇప్పుడు అప్పటి అమ్మమ్మ వయసు.

ఆ గోడ సంగతి కూడా రాసి పెట్టుకోవాలి. ఇది అమ్మమ్మ ఇల్లు. ఇప్పుడు రెండు వాటాలు. ఇటు అమ్మా నేనూ, అటు అమ్మ వాళ్ళక్క, మా పెద్దమ్మ, ఒక్కతే. పెద్దమ్మ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. అమ్మమ్మ మంచాన పడ్డప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్దామని పెద్దమ్మ, ఇంట్లోనే ఉంచుదామని అమ్మ. అమ్మమ్మ ఇంట్లోనే పోయింది. ఆ తర్వాత వంటింట్లో ఇద్దరూ మాటా మాటా అనుకున్నారు. నేను అక్కడే ఉన్నాను కనుక ఇది కళ్ళారా చూసిన సాక్షి వాంగ్మూలం.

పెద్దమ్మ అంది: "నీతో చెప్పేకంటే గోడతో చెప్పుకోవడం నయం."

అమ్మ అంది: "అయితే గోడతోనే చెప్పుకో."

ఆ మాట అన్నప్పటికి ఇంట్లో అడ్డుగోడే లేదు. అది తర్వాత లేచింది. అన్నమాట నిలబెట్టుకోవాలంటే గోడ కావాలి కదా అని నాన్న జోకేసేవాడు. నాన్న పోయాడు, గోడా పోతూనే ఉంది. మట్టితో కట్టిన చవక గోడ. పోయిన వానల్లో కుళాయి దగ్గర రెండు ఇటుకలు రాలి, ఇటునుంచి అటు కన్నం పడింది. ఇద్దరూ మాట్లాడుకోవడం మాత్రం లేదు. పెద్దమ్మ వీధిలో కనపడితే తిన్నావా అని నన్నడుగుతుంది. తిన్నానంటాను. అంతవరకే.

ఎవరిది తప్పని నన్నడిగినవాళ్ళున్నారు. రెండు వైపులా విన్నాను. ఇద్దరూ నిజమే చెప్పారు.

జూన్ 12, బుధవారం

పొద్దుటినుంచి ఆఫీసులో ఫోన్లు ఆగలేదు.

మా పేపర్లో 'మీ గోడు చెప్పండి' అని ఒక శీర్షిక. చెత్త ఎత్తడం లేదని, వీధి దీపం వెలగడం లేదని జనం ఫోన్ చేస్తారు, ఆపరేటర్ రాసుకుంటుంది, మేం వేస్తాం. నిన్న ఆ పేజీ పెట్టింది డెస్క్ తాతయ్య, మేమందరం అలాగే పిలిచే ముసలి సబ్‌ఎడిటర్. రిటైరవడానికి ఎన్నిసార్లు వీడ్కోలు సభ పెట్టినా మర్నాడు డ్యూటీకొచ్చే మనిషి. నా గోడ ఫోటో తెచ్చి సరిగ్గా ఆ శీర్షిక నెత్తిన పెట్టాడు. శీర్షికలో ఒక కొమ్ము ఎగిరిపోయింది. 'మీ గోడ చెప్పండి' అని అచ్చయింది.

జనం చెప్తున్నారు.

కటింగ్ షాపతను చేశాడు. కుర్చీ వెనక గోడ పొడిపొడిగా రాలి కస్టమర్ల భుజాల మీద పడుతోందట, గోడకు చుండ్రు పడితే షాపు పరువేం కావాలన్నాడట. ఒక టీచర్ చేసింది. పిల్లల ఎత్తు కొలిచి గీతలు పెట్టే గోడలో రెండో తరగతి దగ్గర పెచ్చు ఊడిందట, రెండో తరగతి వాళ్ళంతా పెరగడం మానేశామని బెంగ పెట్టుకున్నారట. ఒకావిడ, పోయిన భర్త స్కూటర్ నేర్చుకుంటూ గుద్దిన గోడ అది, ఆ సొట్ట పూడ్చాలో వద్దో ఆర్నెల్ల నుంచి తేలడం లేదందట. ఊరికే చెప్పాలనిపించి చేశానని పెట్టేసిందట.

ఎడిటర్ ముందు తాతయ్య మీద లేచాడు. తాతయ్య, గోడుకూ గోడకూ ఒక్క కొమ్మే తేడా, రెండూ వినేవాళ్ళు లేకే కూలుతాయన్నాడు. సాయంత్రానికి ఫోన్లు చూసి ఎడిటర్ మనసు మార్చుకున్నాడు. సవరణ వద్దు, శీర్షిక అలాగే ఉండనీ అన్నాడు. నావైపు తిరిగి, ఆ ఇటుకల మనిషెవరో పట్టుకో, పేరూ ఫోటో కావాలన్నాడు.

జూన్ 14, శుక్రవారం

అమ్మ పేపర్ మొదటి అక్షరం నుంచి ప్రింటర్ పేరు దాకా చదువుతుంది. ఇవాళ ఆ పేజీ మడిచి పట్టుకుని, 'మీ గోడ చెప్పండి' అని ఎవరు రాశారని అడిగింది. అచ్చుతప్పన్నాను. నిజంగా అచ్చుతప్పేనా అంది. అవునన్నాను. పెరట్లో నీకేమైనా వినపడుతుందా అంది. లేదన్నాను. నా ముఖం వంక చాలాసేపు చూసింది.

అనుమానం కూడా ఆ జబ్బు లక్షణాల్లో ఒకటని ఎప్పుడో ఒక డాక్టర్ని ఇంటర్వ్యూ చేసినప్పుడు రాశాను. ఇవాళ ఆ స్టోరీ వెతికి చదివాను. బాగానే రాశాను. బాగా రాసినందుకు చిరాకేసింది.

జూన్ 17, సోమవారం

పన్ను నొప్పి. కింద, కుడివైపు. స్టోరీ లేదు.

జూన్ 18, మంగళవారం

పళ్ళ డాక్టరమ్మ క్లినిక్ లైబ్రరీ సందులోనే. వెయిటింగ్ రూమ్‌లో పిల్లలు ఆడుకోవడానికి పెద్ద బుట్ట. అడుగున నాలుగు బొమ్మ ఇటుకలు. ఒక పిల్ల వాటితో ఏం కట్టాలో తెలియక వాళ్ళమ్మతో గొడవ పడుతోంది. పోయినసారి వచ్చినప్పుడు బుట్ట నిండా ఉన్నాయట.

అప్పటికీ నాకు వెలగలేదు. నొప్పి అలాంటిది.

కుర్చీలో పడుకున్నాను. మత్తు సూది వేసింది. దవడకూ బుగ్గకూ మధ్య చిటికెన వేలంత దూది చుట్ట దూర్చింది. కళ్ళు పెద్దవి చేశాను. నొప్పి అనుకుని డాక్టరమ్మ నా భుజం తట్టింది. ఏదో అనబోయాను.

"నోరు మూయకండి" అంది.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నన్ను నోరు మూసుకోమన్నవాళ్ళే గానీ మూయొద్దన్న మనిషి ఈవిడే. అడగాల్సిన ప్రశ్నలన్నీ నాలుక మీదున్నాయి, నాలుక మొద్దుబారిపోయింది. ఆవిడ పిప్పి పట్టిన భాగం గీకుతోంది, దులుపుతోంది, అంచులు చెక్కుతోంది. నింపే ముందు శుభ్రం. ఆ చేతిపని నేను బస్‌స్టాండ్‌లో చూశాను.

చేయెత్తి బుట్టవైపు చూపించాను. తర్వాత కిటికీలోంచి లైబ్రరీ గోడవైపు.

డ్రిల్ ఆగింది. ఉల్లిపాయలావిడ చెప్పిందా అని అడిగింది. లేదు అన్నాను. ఏహూ అని వచ్చింది. ముందు పన్ను పూర్తి చేద్దామంది. పూర్తిచేసింది. మత్తు దిగాక ఎల్లుండి రమ్మంది.

జూన్ 20, గురువారం

పేషెంట్లు వెళ్ళిపోయాక కూర్చున్నాం. ఎందుకు చేస్తున్నారని అడిగాను. పెద్ద కారణమేదైనా చెప్తుందని పెన్ను తీశాను. గుంట కనపడితే చేయి ఊరుకోదంది. పొద్దున నడకకు వెళ్తే ఊరంతా పిప్పిపళ్ళలా కనపడుతుందట. బుట్టలో బొమ్మలు ఊరికే పడున్నాయి. అంతే. పెన్ను జేబులో పెట్టేశాను.

మరి గోడ రంగు ఇటుకలే పెట్టొచ్చు కదా అన్నాను. పంటికైతే ఫిల్లింగ్ ఎవరికీ తెలియకూడదంటారు, పంటి రంగే వేయమంటారు, బాగుచేయించుకోవడం కూడా సిగ్గేనంది. గోడకు ఆ సిగ్గు లేదు. అందుకే ఎరుపు.

పేరు రాయొద్దంది. తెలిస్తే జనం పళ్ళు వదిలేసి గోడలు తీసుకొస్తారంది. సరేనన్నాను. ఎడిటర్‌కు ఏం చెప్పాలో తర్వాత చూసుకోవచ్చు.

లేచేముందు అడిగేశాను. మా పెరటి గోడకు కూడా ఒక కన్నం ఉంది, పూడుస్తారా అని. డాక్టరమ్మ నా పంటిని చూసినట్టే నన్ను చూసింది. ఎవరికైనా నొప్పిగా ఉందా అని అడిగింది. గోడకు నొప్పేమిటన్నాను. గోడకని కాదు, ఇంట్లో ఎవరికైనా అంది. దుమ్ము వస్తోంది, పిల్లులు దూరుతున్నాయి అని చెప్పాను.

అసలు సంగతి చెప్పలేదు. అమ్మ ఆ కన్నం ముందే కూర్చుంటుంది. అది లేకపోతే కూర్చోదు. కూర్చోకపోతే మాట్లాడదు. నా లెక్క అది.

జూన్ 23, ఆదివారం

అమ్మ కుట్టిన బట్టలు ఇచ్చి రావడానికి వెళ్ళింది. పెద్దమ్మ ఇంటికి తాళం వేసి ఉంది. డాక్టరమ్మ సంచీతో వచ్చింది.

కన్నంలో గీకుతూ ఒక గుండీ తీసింది. తర్వాత ఖాళీ మాత్రల రేకు. రెండూ నా అరచేతిలో పెట్టింది. కన్నం కింది అంచు మీద వేలు రాసి, ఎంత నునుపుగా ఉందో చూడమంది. పాత బల్ల అంచు మోచేతులకు అరిగినట్టు అరిగింది. పిల్లులన్నాను. ఆవిడ సంచీ విప్పింది. ఇటుకలు పెట్టింది. పసుపు, ఎరుపు, మధ్యలో ఒక వరస తెలుపు. బాగుంది. నిజంగా బాగుంది.

అమ్మ వచ్చింది. సంచీ చేతిలోంచి దించకుండానే గోడ చూసింది. నేను పక్కన నిలబడి ఎలా ఉందన్నాను.

ఎవరు పెట్టారంది. తెలియదన్నాను, ఆ ఇటుకల మనిషే అయి ఉంటుందన్నాను. అటువైపు నుంచా, ఇటువైపు నుంచా అంది. ఆ ప్రశ్న నాకర్థం కాలేదు. మన గేటు వేసే ఉంది కదా, అటువైపు నుంచేమోనన్నాను.

బాగుందంది. లోపలికి వెళ్ళిపోయింది.

జూన్ 24, సోమవారం

అమ్మ గోడతో మాట్లాడలేదు. పెరట్లోకే రాలేదు.

జూన్ 26, బుధవారం

మాట్లాడలేదు. నాతో కూడా. అడిగినదానికి ఊఁ, ఆఁ. మిషన్ మీద బట్ట వేసిన చోటే ఉంది, సూది దిగి ఉంది. కంచంలో అన్నం వేలితో గీతలు గీస్తోంది. నేను అనుకున్నట్టే జరిగింది, అనుకున్నది మాత్రం ఇది కాదు.

సాయంత్రం ఉన్నట్టుండి, పొద్దున పెద్దమ్మ వైపు కుళాయి చప్పుడు విన్నావా అంది. లేదన్నాను. దీపం వెలిగిందా అంది. అంత బెంగగా ఉంటే నువ్వే వెళ్ళి అడుగు, నాలుగడుగులు కదా అన్నాను. అనరాని మాట అన్నట్టు చూసింది.

డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. పళ్ళ డాక్టర్ కాదు. ఇంకో డాక్టర్. 

జూన్ 27, గురువారం

ఇది జరిగింది జరిగినట్టు రాయాలి.

మధ్యాహ్నం ఆపరేటర్ అమ్మాయి నా బల్ల దగ్గరకొచ్చింది. 'మీ గోడ'కు వింత ఫోన్లు రెండు వచ్చాయంది. రెండూ ఒకే గోడ గురించట.

పొద్దున ఒకావిడ. పేరు చెప్పలేదు. తమ గోడలో ఎవరో బొమ్మ ఇటుకలు పెట్టారట. అందరూ పెట్టమని అడుగుతున్నారు కదా, తీయడమెలాగో చెప్పగలరా అందట. ఎందుకమ్మా, అందంగా ఉంటాయి కదా అని ఈ అమ్మాయి అడిగింది.  దానికి ఆవిడ అన్న మాట అమ్మాయి నాకు అలాగే చెప్పింది:

"మా గోడ మాట్లాడేదమ్మా. ఇప్పుడు మాట్లాడటం లేదు."

అమ్మాయికి జాలేసిందట. పెద్దావిడ, పాపం, మతి సరిగా లేదనుకుందట. నేనూ అదే అనుకునేదాన్ని, రెండో ఫోన్ లేకపోతే.

రెండో ఆవిడ మధ్యాహ్నం చేసింది. గొంతు ఎంత తగ్గుగా ఉందంటే గట్టిగా మాట్లాడమని మళ్ళీ మళ్ళీ అడగాల్సి వచ్చిందట. గోడలో ఇటుకలు పెట్టారు, నా వైపునుంచి పట్టు దొరకడం లేదు, అవతలివాళ్ళను తీయమని పేపర్లో ఒక మాట వేయగలరా, వాళ్ళకు ఇష్టమైతేనే అందట. మీరే అడగొచ్చు కదా అంటే, మా మధ్య మాటల్లేవందట. వీధి పేరు మాత్రం ఇద్దరూ ఒకటే చెప్పారు. ఫోన్ నంబరు చెప్పమంటే రెండో ఆవిడ గాభరాపడిందట.

"రాయకమ్మా. మా చెల్లెలి కూతురు అక్కడే పనిచేస్తుంది."

ఆపరేటర్ అమ్మాయి వెళ్ళిపోయింది. నేను కూర్చున్నాను.

పెద్దమ్మ జీవితమంతా వార్డుల్లో గడిచింది. పడుకున్న రోగి లేవకుండా పక్క రోగితో మాట్లాడే గొంతు ఆవిడది. కుళాయి చప్పుడులో అది వంటింటి దాకా ఎందుకొస్తుంది? గౌను భుజం గురించి వెటకారం చేసిందెవరు? అరిగిన అంచు నాకు వేలు పెట్టి చూపించారు. గుండీ, మాత్రల రేకు నా చేతిలో పెట్టారు. అమ్మకు బీపీ మాత్రలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయని నేనెప్పుడూ అడగలేదు. అన్నిటికీ మించి ఆ రోజు వంటింట్లో అన్నమాటలు నా చెవులతో విన్నాను. నీతో చెప్పేకంటే గోడతో చెప్పుకోవడం నయం. అయితే గోడతోనే చెప్పుకో.

చెప్పుకుంటున్నారు. అక్షరం తప్పకుండా.

ఊరందరి ఇళ్ళలో సంగతులు రాసేదాన్ని. దీపం కింద చీకటి అంటే ఇదే కాబోలు.

అంతకంటే పాడుపని ఇంకొకటి. అటువైపు నుంచేమోనని అమ్మకు చెప్పింది నేను. అమ్మ ఏమనుకుని ఉంటుంది? కన్నాన్ని అక్కే మూయించిందని. అటు పెద్దమ్మ ఏమనుకుని ఉంటుంది? చెల్లెలని.

డాక్టర్ అపాయింట్‌మెంట్ రద్దు చేశాను.

జూన్ 28, శుక్రవారం

ముందు క్లినిక్‌కు వెళ్ళాను. అంతా చెప్పాను. డాక్టరమ్మ ఆశ్చర్యపోలేదు. ఆ అంచు చూసినప్పుడే అది పిప్పి కాదు, వాడుకలో ఉన్నదని అనుమానం వచ్చిందంది. అందుకే జిగురు వాడలేదట.

"మీకు పెట్టింది పర్మనెంట్. మీ గోడకు పెట్టింది టెంపరరీ."

తీయడమెలాగో అడిగి రాసుకున్నాను. నేనే వెళ్ళి తీసేయొచ్చు. తీస్తే నాకు తెలిసిందని అమ్మకు తెలుస్తుంది. తెలిస్తే ఇద్దరూ సిగ్గుపడతారు. సిగ్గు పడితే ఇక ఆ కన్నం దగ్గరకు ఎవరూ రారు. వాళ్ళకు తలుపులున్నాయి, వీధి ఉంది, నోళ్ళున్నాయి. వాళ్ళు ఎంచుకున్నది ఆ కన్నం. దాన్ని పాడుచేయకూడదు.

కాబట్టి పేపర్లోనే వేయాలి. 'మీ గోడ' కింద నాలుగు ముక్కలు రాసి తాతయ్యకిచ్చాను. బొమ్మ ఇటుకలు వద్దనుకునేవాళ్ళు తీసేసుకోవచ్చు. గోడకు అటూ ఇటూ పడ్డ కన్నంలో జిగురు ఉండదు. మధ్యనున్న తెల్ల వరసను ఒకవైపు నుంచి బొటనవేలితో నొక్కితే రెండోవైపు వాళ్ళ చేతికి వస్తుంది. అలాంటి కన్నంలో ఇటుకలు పెట్టింది అటువాళ్ళూ కారు, ఇటువాళ్ళూ కారు. చివరి వాక్యం ఇక్కడెందుకని తాతయ్య అడిగాడు. అది లేకపోతే మిగతాది దండగన్నాను. కళ్ళద్దాలు పైకి తోసి నన్ను చూసి, ప్రూఫ్ తనే స్వయంగా చదువుతానన్నాడు. ఈసారి ఒక్క కొమ్ము కూడా పోనివ్వనన్నాడు.

ఎడిటర్ ఇటుకల మనిషి సంగతి అడిగాడు. దొరికింది, రాయనన్నాను. ఎందుకన్నాడు. రాస్తే మళ్ళీ పెట్టరు కదా అన్నాను. రిపోర్టర్‌లా మాట్లాడమన్నాడు. ఉల్లిపాయలమ్మే ఆవిడ దగ్గర నేర్చుకున్నానని చెప్పలేదు.

జూన్ 29, శనివారం

అమ్మ పేపర్ చదివింది. ఆ పేజీ రెండుసార్లు. మడిచి దిండు కింద పెట్టుకుంది. పెరట్లోకి వెళ్ళలేదు. నేను ఇంట్లో ఉన్నాను, అందుకు.

జూన్ 30, ఆదివారం

చెప్పులు చప్పుడు చేసుకుంటూ బయటికి వెళ్ళాను. గేటు వేశాను. చెప్పులు చేత పట్టుకుని పక్కసందులోంచి వంటింట్లోకి వచ్చాను. ఇన్నేళ్ళ వృత్తిలో ఇంత నీచంగా ఎవరి మాటలూ దొంగచాటుగా వినలేదు. విన్నాను.

అమ్మ కుళాయి కట్టేసింది. రాతి మీద కూర్చుంది.  బొటనవేలు చీరకు తుడుచుకుని తెల్ల వరస మీద పెట్టింది. నొక్కింది.

అటు ఎవరో పట్టుకున్నారు. ఎంతసేపటినుంచి చేయిపెట్టుకుని ఉన్నారో.

ఇటుకలు ఒక్కొక్కటే పోయాయి, ఇటు కొన్ని, అటు కొన్ని. కన్నం తెరుచుకుంది. కుళాయి కట్టేసి ఉంది కనుక ఇవాళ నాకు అన్నీ వినపడ్డాయి.

"ఏం గోడా, వారం రోజులు నోరు పడిపోయిందా?" అంది అమ్మ.

"నోరు మూయించుకున్నవాళ్ళకు తెలియాలి" అంది గోడ, మెల్లగా.

"నేను మూయించలేదు."

"పేపర్లో చదివాను. నేనూ కాదు."

అమ్మ ముక్కు చీదింది. మాత్రలు అయిపోయి మూడు రోజులైందని గోడకు చెప్పింది. గోడకు కోపమొచ్చింది. బుద్ధి ఉన్నవాళ్ళెవరైనా బీపీ మాత్ర మానేస్తారా, దుకాణంలో కొనుక్కోవచ్చు కదా అంది. కొనుక్కుంటే ఇక నీ దగ్గరకెందుకు అని అమ్మ అంది. కన్నంలోంచి మాత్రల రేకు వచ్చింది. ఇటునుంచి గుండీలు కుట్టిన జాకెట్ వెళ్ళింది. వారం నుంచి మడతపెట్టి ఉంచినట్టుంది.

తర్వాత అమ్మ అడిగింది. ఇది నేను విని ఉండకూడదు. విన్నాను కనుక రాస్తున్నాను, ఎవరికీ చూపించను.

"గోడా, అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్ళుంటే బతికేదా?"

 నర్సు కదా, తెలియనిది చెప్పదు.

"ఇంకో నెల ఉండేదేమో. వార్డులో. చేతికి సూదులతో" అంది. కాసేపటికి, "నీ చేతి గంజి తాగి, నీ ఒళ్ళో పోయింది. నాకు ఎలాంటి చావు కావాలని ఎవరైనా అడిగితే నేనదే చెప్తాను" అంది.

అమ్మ చేయి కన్నంలోకి వెళ్ళింది. మోచేయి దాకా. అంచు ఎందుకంత నునుపుగా ఉందో అప్పుడు తెలిసింది.

చెప్పులు పట్టుకుని వెనక్కి వెళ్ళిపోయాను. వీధి చివర వేసుకున్నాను.

జులై 2, మంగళవారం

మిషన్ ఆడుతోంది. అమ్మ పాడుతోంది కూడా, రాగం తప్పు.

పన్ను మళ్ళీ కొంచెం లాగుతోంది. కొన్ని వారాలు అప్పుడప్పుడు అలాగే ఉంటుందని డాక్టరమ్మ చెప్పింది. అమ్మతో అన్నాను, అంతే.

జులై 4, గురువారం

పళ్ళు తోముకోవడానికి పెరట్లోకి వెళ్ళాను. కన్నంలో ఒక పసుపు ఇటుక. దాని మీద ఒక మాత్ర.

"అన్నం తిన్నాక వేసుకో" అంది గోడ. "ఈసారి ఏదైనా పూడ్చాలనిపిస్తే ముందు నన్నడుగు."

సరే పెద్దమ్మా అన్నాను.

గోడ పలకలేదు.

సరే గోడా అన్నాను.

ఊఁ అంది.